వెళ్లొచ్చిన అరకు, గుర్తున్న అరకు

సెలవు ముగించుకుని ఆఫీసులో కంప్యూటర్ ఆన్ చేసేలోపే పక్క సీటాయన అడుగుతాడు: "ఎలా ఉంది సార్ ట్రిప్పు?"

"సూపరండీ. పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు."

ప్రశ్నా జవాబూ కలిపి అర నిమిషం పట్టదు. తర్వాత ఎవరి మెయిళ్లలోకి వాళ్లు వెళ్లిపోతారు. ఈ అధ్యాయమంతా ఆ ఒక్క "సూపర్" గురించే.

హైదరాబాద్ నుంచి అరకు వెళ్లొచ్చిన ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. భార్యాభర్తలు, ఏడో తరగతి అబ్బాయి, మూడేళ్ల పాప, వెంట అత్తగారు. రాత్రి గోదావరి ఎక్స్‌ప్రెస్, విశాఖలో ఒక పూట బీచి, మర్నాడు పొద్దున్నే కిరండోల్ రైలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో తూర్పు కనుమలను తొలిచి వేసిన లైను అది. మొత్తం మీద 58 సొరంగాలు. సొరంగం వచ్చిన ప్రతిసారీ బోగీలో పిల్లలు కేకలు పెట్టడం ఆనవాయితీ. ఆపైన బొర్రా గుహలు, గిరిజన మ్యూజియం, చాపరాయి, బొంగు చికెన్, కాఫీ తోటలు. వీటికి తోడు ఘాట్ రోడ్డు మలుపుల్లో పాపకు వాంతులు, గదిలో రాత్రి కరెంటు పోవడం, బొర్రా మెట్ల మీద అత్తగారి మోకాళ్ల నొప్పి, ఒక సాయంత్రం బిల్లు దగ్గర మొగుడూ పెళ్లాల మధ్య మాటా మాటా. నిజాయతీగా గంట గంటకూ పదికి ఇన్ని అని మార్కులు వేసుకుంటూ పోయుంటే సగటు ఆరు దాటేది కాదేమో. మరి ఈ సూపర్ ఎక్కణ్ణుంచి వచ్చింది?

ముందు ఒంటి సంగతి చూసేద్దాం, అది తొందరగా తేలిపోతుంది. సెలవు వల్ల మనిషికి మేలు జరుగుతుందన్నది నిజమే. కాకపోతే ఆ మేలు నిలవుండదు. ఇజ్రాయెల్‌లో ఒక ఎలక్ట్రానిక్స్ కంపెనీలో పనిచేసే 76 మంది గుమాస్తాలను మీనా వెస్ట్‌మన్, డోవ్ ఈడెన్ అనే పరిశోధకులు సెలవుకు ముందూ, సెలవులోనూ, తర్వాతా పరిశీలించి 1997లో ఫలితాలు ప్రచురించారు. పని వల్ల పేరుకున్న నిస్సత్తువ సెలవులో తగ్గింది. పనిలో చేరిన మూడు రోజులకే కొంత వెనక్కి వచ్చేసింది, మూడు వారాలకు ఎప్పటి మనిషి అప్పటిలాగే అయ్యాడు. 2013లో జెస్సికా డి బ్లూమ్ బృందం నెదర్లాండ్స్‌లో 54 మంది ఉద్యోగులను గమనించింది. వాళ్లు తీసుకున్న సెలవు సగటున 23 రోజులు. ఒంట్లో కులాసా, మనసులో హుషారు పెరుగుతూ పోయి ఎనిమిదో రోజుకు పైమెట్టు చేరాయి. తిరిగి ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే అన్నీ పాత స్థాయికి దిగిపోయాయి.

ఇరవై మూడు రోజులట! మన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం పెద్దవాళ్లకు ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతన సెలవు లెక్కకట్టింది. ఆ లెక్కన ఏడాది సెలవంతా ఒక్కసారి వాడుకున్నా డచ్చివాళ్ల సెలవుకు దరిదాపుల్లోకి రాం. దసరాకు నాలుగు రోజులు దొరికితే అదృష్టం. ఎనిమిదో రోజున వచ్చే ఆ పైమెట్టు ఎలా ఉంటుందో మనలో చాలామంది ఎన్నడూ చూసి ఉండరు.

ఇంకో సర్వే మరీ నిర్మొహమాటంగా ఉంటుంది. యెరూన్ నవైన్, ఆయన సహచరులు 1,530 మంది డచ్ పెద్దవాళ్లను అడిగారు. అందులో 974 మంది సెలవుకు వెళ్లొచ్చినవాళ్లు. 2010లో వచ్చిన ఫలితం ఇది: ప్రయాణానికి ముందు, వెళ్లబోయేవాళ్లు వెళ్లనివాళ్లకన్నా సంతోషంగా ఉన్నారు. తిరిగొచ్చాక ఇద్దరికీ తేడా లేదు. చాలా విశ్రాంతిగా గడిచిందన్న కొద్దిమందిలో మాత్రం కాస్త మిగులు కనిపించింది. అంటే టికెట్లు బుక్ చేసి, వెయిటింగ్ లిస్టు కదిలిందా లేదా అని రోజూ ఫోన్లో చూసుకునే వారాలే ప్రయాణంలో గిట్టుబాటయ్యే భాగమన్నమాట.

ఆ విశ్రాంతి అయినా ఇంట్లో అందరికీ సమానంగా దక్కదు. పని అలసట నుంచి తేరుకోవడానికి ఏమేం కావాలో కొలవడానికి సబీన్ జోన్నెంటాగ్, షార్లట్ ఫ్రిట్స్ 2007లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. వాళ్లు లెక్కలోకి తీసుకున్నవి నాలుగు: పని మీది నుంచి మనసు పూర్తిగా తప్పుకోవడం, విశ్రాంతి, కొత్తదేదో చేయగలిగిన తృప్తి, తన సమయం తన చేతిలో ఉండటం. మన అరకు కుటుంబాన్ని ఈ కొలతతో చూడండి. ఆయనకు ఆఫీసు వాట్సాప్ గ్రూపు కొండ మీద కూడా మోగుతూనే ఉంటుంది. మొదటిది పోయింది. ఆవిడకైతే పని వెంటే బయల్దేరింది: అత్తగారి బీపీ మాత్రలు, పాప పెరుగన్నం, తడిసిన బట్టలు, రేపు పొద్దున వేసుకోవాల్సినవి. వంటొక్కటి తప్పింది. ఇంటికొచ్చాక వాషింగ్ మెషిన్ ముందు నిలబడి ఆవిడ "బాగానే జరిగింది" అంటే, ఆ "బాగానే"ని తక్కువగా చూడకూడదు.

సరే, ఒంట్లో మిగిలేది ఇంత తక్కువైతే, సెలవంటూ చివరికి మిగిలేది జ్ఞాపకంలోనే. ఆ జ్ఞాపకం ఎలా తయారవుతుందో తెలుసుకోవడానికి చన్నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లాలి.

డేనియల్ కానమన్ 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనస్తత్వవేత్త. 1993లో ఆయనా సహచరులూ 32 మంది చేత ఒక చిన్న బాధాకరమైన పని చేయించారు. 14 డిగ్రీల చల్లటి నీళ్లలో ఒక చెయ్యి అరవై సెకన్లు ముంచి ఉంచాలి. రెండోసారి ఇంకో చెయ్యి. ఈసారి అదే నీళ్లలో అదే అరవై సెకన్లు, ఆపైన మరో ముప్ఫై సెకన్లు. ఆ ముప్ఫై సెకన్లలో నీళ్లను మెల్లగా 15 డిగ్రీలకు తెస్తారు. అప్పుడూ చల్లగానే ఉంటాయి, కాస్త తక్కువ చల్లన. తర్వాత అడిగారు: మూడోసారి చెయ్యాలంటే ఏది చేస్తారు? 22 మంది రెండోదే అన్నారు. అంటే మొదటి బాధంతా పడి, అదనంగా ఇంకో అర నిమిషం పడటానికి సిద్ధమయ్యారు. లెక్కప్రకారం ఇది వెర్రి. జ్ఞాపకం ప్రకారం మాత్రం సబబే, ఎందుకంటే రెండోది కాస్త నయంగా ముగిసింది.

ప్రయోగశాలలోనే కాదు, ఆస్పత్రిలోనూ ఇంతే. కొలనోస్కోపీ చేయించుకుంటున్న 154 మంది రోగులు పరీక్ష జరుగుతుండగా నిమిషానికోసారి నొప్పికి మార్కులు వేశారు. కొందరికి పరీక్ష నాలుగు నిమిషాల్లో అయిపోయింది, ఒకరికి 69 నిమిషాలు పట్టింది. తర్వాత మొత్తంగా ఎంత బాధపడ్డారని అడిగితే, చెప్పిన జవాబుకు నిమిషాల లెక్కతో సంబంధమే లేదు. అన్నిటికన్నా ఎక్కువ నొప్పి పుట్టిన క్షణం, చివరి నిమిషాలు, ఈ రెండే జవాబును నిర్ణయించాయి. డొనాల్డ్ రెడెల్మెయర్, కానమన్ 1996లో ప్రచురించిన ఈ ఫలితం నుంచి ఒక సూత్రం ప్రచారంలోకి వచ్చింది: మనం గుర్తుంచుకునేది శిఖరాన్నీ ముగింపునీ. వ్యవధిని కాదు.

ఇక్కడి నుంచి పత్రికలూ, పర్యాటక సలహాదారులూ ఒక్క గెంతు గెంతారు. సెలవు చివరి రోజును అదరగొట్టండి, ఖరీదైన భోజనం ఆఖర్న పెట్టుకోండి, మిగతా రోజులు ఎలా గడిచినా ఫరవాలేదు! నాకు ఈ సలహా మీద మొదటి నుంచీ అనుమానమే. నొప్పి పుట్టే ఒక పరీక్షకు, నాలుగు రోజుల అరకుకు పోలికెక్కడ? పరీక్షకు ముగింపు ఒకటే. సెలవులో ప్రతి రాత్రీ ఒక ముగింపే. అసలు అరకు ప్రయాణం ఎక్కడ ముగిసినట్టు? చివరి కాఫీ దగ్గరా, సికింద్రాబాద్‌లో ఆటోవాడితో బేరం దగ్గరా, సూట్‌కేసు విప్పినప్పుడా?

న్యూజిలాండ్‌లో సైమన్ కెంప్, క్రిస్టఫర్ బర్ట్ బృందం దీన్ని నిజంగానే పరీక్షకు పెట్టింది. ఏడు రోజుల సెలవులో ఉన్న విద్యార్థులతో రోజూ ఎంత సంతోషంగా ఉన్నారో రాయించి, తర్వాత మొత్తం సెలవును గుర్తుచేసుకొమ్మన్నారు. 2008లో వచ్చిన ఫలితం ప్రకారం శిఖరం, ముగింపు అంత గొప్పగా అక్కరకు రాలేదు. బాగా పనికొచ్చింది వేరొకటి: ఆ సెలవులో బాగా గుర్తున్న రోజు, లేదా మిగతావాటికి భిన్నంగా గడిచిన రోజు. ఆ ఒక్క రోజు ఎంత సంతోషంగా గడిచిందో, మొత్తం సెలవు అంత సంతోషంగా గడిచినట్టు తోచింది.

మన కుటుంబం విషయంలో ఆ రోజు ఏదో ఊహించడం కష్టం కాదు. పాడేరు వైపు వెళ్లి, చీకటితోనే లేచి, వంజంగి కొండెక్కి మేఘాల మీద సూర్యోదయం చూసిన రోజు. చలిలో లేవడానికి అబ్బాయి గొణిగాడు, పాపను తండ్రి భుజాన మోశాడు. అత్తగారు కింద టీ కొట్టు దగ్గరే ఉండిపోయారు. పైన పట్టుమని గంట కూడా లేరు. ఇంటికొచ్చాక మాత్రం అరకు అనగానే అందరి నోటా వచ్చేది ఆ గంటే. బొర్రా, మ్యూజియం, చాపరాయి కలిపి తిన్న సమయం దానికి ఎన్నో రెట్లు. వాటికి గుర్తుల్లో దక్కింది తలా ఒక వాక్యం.

ఉన్నదాంట్లోంచి ఏరుకోవడంతోనే జ్ఞాపకం సరిపెట్టుకోదు, ఏరుకున్నదానికి మెరుగు కూడా పెడుతుంది. 1997లో టెరెన్స్ మిచెల్, లీ థాంప్సన్ బృందం మూడు రకాల సెలవుల మీద అధ్యయనం చేసింది: యూరప్ యాత్ర, అమెరికాలో థాంక్స్‌గివింగ్ పండగ సెలవు, కాలిఫోర్నియాలో మూడు వారాల సైకిల్ యాత్ర. మూడింట్లోనూ ఒకటే వరస. వెళ్లకముందు ఆశ ఎక్కువ, వెళ్లాక చిరాకులు, వచ్చాక కొద్ది రోజుల్లోనే మళ్లీ గులాబీ రంగు. వాన, అలసట, డబ్బు గొడవ అక్కడ ఉన్నప్పుడు మనసును ఆక్రమిస్తాయి. తిరిగొచ్చాక వాటి పట్టు సడలిపోతుంది. కొన్ని ఏకంగా వేషం మార్చి హాస్యకథలవుతాయి. ఘాట్ రోడ్డులో డ్రైవర్ కారు ఆపి నిమ్మకాయ కోసిచ్చిన వాంతుల ఘట్టం ఆ రోజు నరకం, నెల తిరిగేసరికి చుట్టాల ముందు చెప్పుకునే కథ.

ఈ మెరుగు ఉత్త అలంకారమైతే పట్టించుకోనక్కర్లేదు. కాదని చెప్పింది 2003 నాటి ఒక అధ్యయనం. డెరిక్ విర్ట్స్, ఎడ్ డీనర్ తదితరులు వసంత సెలవులకు వెళ్లే 41 మంది అమెరికన్ విద్యార్థుల చేతికి చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలిచ్చి పంపారు. అవి రోజులో చాలాసార్లు మోగి "ఇప్పుడెలా ఉంది?" అని అడిగేవి. వచ్చాక, మళ్లీ ఇలాంటి సెలవుకే వెళ్తారా అని అడిగారు. ఆ కోరికను నిర్ణయించింది పరికరంలో క్షణక్షణం నమోదైన అనుభవం కాదు, తిరిగొచ్చాక గుర్తున్న అనుభవం. మళ్లీ వెళ్లాలా, వద్దా, ఎక్కడికి అనే ఓటు అక్కడ గడిపిన మనిషికి లేదు. ఓటంతా గుర్తుచేసుకునే మనిషిదే. కానమన్ ఉపన్యాసాల్లో ఒక కొంటె ప్రశ్న వేసేవారు: సెలవు చివర్న ఫొటోలన్నీ చెరిపేసి, ఒక మందు తాగించి జ్ఞాపకం కూడా తుడిచేస్తామంటే, అదే సెలవు ఎంచుకుంటారా? మనలో చాలామంది అరకు మానేసి ఇంట్లో పడుకుంటారని నా అంచనా.

మరో వింత కాలం విషయంలో జరుగుతుంది. అక్కడున్నంతసేపూ రోజులు పరిగెత్తాయి. ఆఫీసులో కూర్చుని చూసుకుంటే నాలుగు రోజులు రెండు వారాల్లా అనిపిస్తాయి. విలియం జేమ్స్ 1890లోనే ఈ సంగతి గమనించాడు. కొత్త విషయాలతో నిండిన సమయం గడుస్తున్నప్పుడు పొట్టిగా, తలుచుకుంటే పొడుగ్గా తోస్తుందనీ, ఖాళీ సమయానిది దీనికి తలకిందులనీ రాశాడు. కొత్త జ్ఞాపకాలు పదిలపడటానికి మెదడులోని హిప్పోకాంపస్ అనే భాగం కీలకం. మెదడు కొత్తదాన్ని శ్రద్ధగా నమోదు చేస్తుంది, నిన్నటిలాంటి ఇవాళను అంతగా పట్టించుకోదు. పోయిన నెలలో ఆఫీసుకు వెళ్లిన మంగళవారాల్లో ఒకదాన్నుంచి ఇంకోదాన్ని వేరుచేసి చెప్పమంటే ఎవరం చెప్పగలం? తిరుగు ప్రయాణం పొట్టిగా తోచడానికి కూడా ఇదే కారణమని చాలాకాలం అనుకున్నారు, దారి అలవాటైపోయిందని. నీల్స్ వాన్ డె వెన్ బృందం 2011లో పరిశీలిస్తే, వేరే దారిన తిరిగొచ్చినా అది పొట్టిగానే తోచింది, సగటున 22 శాతం. వెళ్లేటప్పుడు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు పట్టినట్టు తోస్తుంది. వచ్చేటప్పుడూ అంతసేపు పడుతుందని ముందే సిద్ధపడతాం కనక పొట్టిగా తోస్తుంది. వాళ్ల వివరణ ఇదీ.

ఇక ఫొటోలు. ఆఫీసులో లంచ్ టైములో ఫోన్ తిప్పి చూపించేవి. లిండా హెంకెల్ 2014లో విద్యార్థులను ఒక మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువులను ఊరికే చూడమంది, కొన్నిటిని ఫొటో తీయమంది. మర్నాడు అడిగితే, ఫొటో తీసినవాటి కన్నా చూసినవే బాగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు చేతులు దులుపుకుందన్నమాట. అదే ప్రయోగంలో ఒక మినహాయింపూ ఉంది. వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు జ్ఞాపకం దెబ్బతినలేదు, ఫొటోలో పడని భాగం సైతం గుర్తుంది. 2017లో అలిక్సాండ్రా బరాష్ బృందం ఇంకో అంచు చూపించింది. ఏది తీయాలో తామే ఎంచుకుని తీసినవాళ్లకు కళ్లతో చూసింది మరింత గుర్తుంది, చెవులతో విన్నది తగ్గింది. థింసా నాట్యం వీడియో తీస్తూ నిలబడ్డ అబ్బాయికి అడుగులు గుర్తుండి డప్పు వరస గుర్తులేకపోతే తప్పు వాడిది కాదు.

ఫొటో గుర్తుచేయడమే కాదు, లేనిది పుట్టించగలదు కూడా. 2002లో కింబర్లీ వేడ్, మరియాన్ గారీ తదితరులు 20 మంది చిన్ననాటి ఫొటోలు వాళ్ల కుటుంబాల నుంచి తెప్పించి, వాళ్లు వేడిగాలి బెలూన్‌లో కూర్చున్నట్టు ఒక దొంగ ఫొటో తయారుచేశారు. వాళ్లలో ఎవరూ ఎప్పుడూ బెలూన్ ఎక్కలేదు. రెండు మూడుసార్లు ఆ ఫొటో చూపించి మాట్లాడించేసరికి సగం మందికి ఆ ప్రయాణం అంతో ఇంతో గుర్తొచ్చింది. అది 2002. ఇప్పుడు ఫ్రేములో కళ్లు మూసినవాళ్ల కళ్లు తెరిపించి, వెనక జనాన్ని మాయం చేసే పనిని ఫోనే చేసేస్తోంది.

అసలు జ్ఞాపకం అనేదే బయటికి తీసినప్పుడల్లా కొంత మారగల స్థితిలో ఉంటుంది. 2000లో కరీం నాదర్, గ్లెన్ షేఫ్, జోసెఫ్ లెడూ ఎలుకల మీద చేసిన ప్రయోగం ఈ చర్చను మలుపు తిప్పింది. పదిలంగా స్థిరపడిపోయిన ఒక భయాన్ని గుర్తుచేసి, ఆ వెంటనే మెదడులో ప్రోటీన్ల తయారీని ఆపే మందు ఎక్కిస్తే, ఆ భయం చెదిరిపోయింది. గుర్తుచేయకుండా మందిస్తే ఏమీ కాలేదు. అంటే గుర్తొచ్చిన జ్ఞాపకాన్ని మెదడు మళ్లీ కొత్తగా భద్రపరచాల్సి వస్తోంది. ఆవకాయ జాడీ తెరిచినప్పుడల్లా గరిటెకున్న తడి ఎంతో కొంత లోపలికి పోతుంది కదా, అలా. మనుషుల మామూలు జ్ఞాపకాలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందన్న వాదన ఇంకా సాగుతోంది. కానీ ఒకే అరకు గురించి ఒకే ఇంట్లో నాలుగు కథలు వినిపిస్తుంటే, తడి తగిలిందనే అనిపిస్తుంది.

ఇంటి పెద్దలు వేసే ఒక ప్రశ్నకు ఇక్కడ జవాబు చెప్పాలి. "మూడేళ్ల పిల్లకు అరకేంటే, దానికేం గుర్తుంటుంది?" పెద్దయ్యాక నిజంగానే గుర్తుండకపోవచ్చు. మనలో ఎక్కువ మందికి మూడు, మూడున్నర ఏళ్ల వయసుకు ముందటి సంగతులు గుర్తులేవు. అయితే మరుపు వెంటనే రాదు. నినా హామండ్, రాబిన్ ఫివుష్ 1991లో, డిస్నీవరల్డ్ వెళ్లొచ్చిన 48 మంది పిల్లలతో మాట్లాడారు. వెళ్లినప్పుడు వాళ్లకు మూడు నాలుగేళ్లు. కొందరిని ఆరు నెలల తర్వాత, మిగతావాళ్లను ఏడాదిన్నర తర్వాత పలకరించారు. ఏడాదిన్నర గడిచినవాళ్లకు కూడా బోలెడు గుర్తుంది. ఇంట్లో ఆ ప్రయాణం గురించి తరచూ మాట్లాడుకున్న పిల్లలకు ఇంకా ఎక్కువ గుర్తుంది. ప్యాట్రిషియా బావర్, మరీనా లార్కినా 2014లో ఈ దారినే ఇంకా ముందుకు నడిచారు. మూడేళ్లప్పుడు పిల్లలు తల్లులతో చెప్పుకున్న సంగతుల్లో, ఐదు నుంచి ఏడేళ్ల మధ్య అరవై శాతానికి పైగా గుర్తుకొచ్చాయి. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి అది నలభై శాతం లోపుకు పడిపోయింది.

ఎంత మాట్లాడుకున్నామన్నదే కాదు, ఎలా అడిగామన్నదీ లెక్కే. "గుహలకు వెళ్లాం కదా, ఏ గుహలు? చెప్పు, ఏ గుహలు?" అని పరీక్ష పెడితే పిల్ల నోరు మూసుకుంటుంది. "గుహలో చీకటి కదా, నువ్వు నాన్న చొక్కా పట్టుకున్నావు, పైనుంచి టప్‌మని ఏం పడింది?" అని వివరం అందిస్తూ అడిగే తల్లుల పిల్లలు గతాన్ని ఎక్కువగా, వరసగా చెప్పగలుగుతారని ఫివుష్, ఎలెయిన్ రీస్ తదితరుల పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

"నీల్ల చుక్క!" అంటుంది పాప. "ఇంకా, ఇంకా, గబ్బిలం నానమ్మ కల్లజోడు ఎత్తుకుపోయింది."

"గబ్బిలం కాదే, కోతి" అంటాడు అన్న.

"ఏ కోతీ లేదర్రా. నేనే సంచిలో పెట్టి మర్చిపోయి వెతుక్కున్నాను" అంటుంది నానమ్మ.

ఆవిడ మాట ఎవరూ చెవిన పెట్టరు. వచ్చే ఆదివారం చుట్టాలొస్తే కథలో కోతే ఉంటుంది.